గెలుపు కొలత ముందే రాసుకోండి

ఫైనలియర్‌లో ఉండి పండక్కి ఊరెళ్తే మొదట ఎదురయ్యే మాట ‘బాగున్నావా’ కాదు. ‘ప్లేస్‌మెంట్ వచ్చిందా? ప్యాకేజీ ఎంతబ్బాయా?’ అని. నాలుగు లక్షలంటే ‘అంతేనా’ అంటారు. ఏడంటే ఎదురింటి అమ్మాయికి పన్నెండు వచ్చిన సంగతి చెబుతారు. పన్నెండంటే అమెరికా ఎప్పుడని అడుగుతారు. బ్యాంకు పీఓ అయితే గ్రూప్స్ రాయొచ్చుగా అంటారు. గ్రూప్స్ కొడితే సివిల్స్ ఉండనే ఉంది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మనల్ని కొలవడానికి వాళ్ల చేతిలో ఉన్న టేపు అదొక్కటే. చిక్కల్లా మన చేతిలో వేరే టేపు లేకపోవడమే.

నేను ఇంజినీరింగ్ పూర్తిచేసి ఆరేళ్లు దాటింది. టెక్నాలజీ మీద బ్లాగు రాస్తుంటాను కాబట్టి విద్యార్థుల నుంచి మెసేజ్‌లు వస్తుంటాయి. సగం కోడింగ్ సందేహాలు. మిగతా సగం అర్ధరాత్రి దాటాక వస్తాయి. ‘అన్నా, మా క్లాసులో సగం మందికి పైగా వచ్చేసింది, నాకు రాలేదు. నేను ఫెయిలైనట్టేనా?’ అని. నేను తిరిగి ఒకటే అడుగుతాను: ‘దేంట్లో ఫెయిల్? ఈ సంవత్సరం నువ్వు సాధించాలనుకున్నది ఏమిటి?’ చాలాసేపు అవతల టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదులుతుంటాయి. చివరికి ‘జాబ్ అన్నా’ అని రెండు ముక్కలు వస్తాయి. ఎలాంటి జాబ్, ఎప్పటికి, ఎందుకు అంటే మళ్లీ చుక్కలే.

ప్రశ్నపత్రమే లేని పరీక్షలో ఫెయిలయ్యామని ఎలా తేలుస్తాం? కానీ వేలమంది తేల్చేసుకుంటున్నారు. అదీ ఇరవై ఒకటీ ఇరవై రెండేళ్ల వయసులో.

దీనికి నాకు తోచిన జవాబు వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. మా నెల్లూరు తీరంలోంచి వచ్చింది. మావైపు పల్లెల్లో రాకెట్ వదులుతున్నారంటే జనం మేడలెక్కుతారు. దక్షిణాన నారింజరంగు వెలుగు లేస్తుంది, కాసేపటికి కిటికీలు అదురుతాయి, పిల్లలు కేకలు పెడతారు. చిన్నప్పుడు నేనూ ఆ కేకల కోసమే ఎక్కేవాణ్ని. ఇంజినీరింగ్‌లో చేరాక మాత్రం కంట్రోల్ రూమ్ మాటల మీద ధ్యాస పడింది. లైవ్‌లో ఒక గొంతు ఒక్కో దశ గురించీ చెబుతుంటుంది: ‘ఫస్ట్ స్టేజ్ పెర్ఫార్మెన్స్ నార్మల్’, ‘సెకండ్ స్టేజ్ పెర్ఫార్మెన్స్ నార్మల్’. అద్భుతం అనరు, అదిరింది అనరు. నార్మల్ అంతే. అంటే ముందుగా కాగితం మీద వేసుకున్న గీత వెంబడే పోతోందని. ఉపగ్రహం విడిపోయేదాకా చప్పట్లు కూడా అంతంతమాత్రమే.

పేరులోనే ఉంది సంగతి

శ్రీహరికోట ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం ఉన్న దీవి. 2022లో జిల్లాల విభజనప్పుడు సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ అంతకుముందంతా మా నెల్లూరు జిల్లాదే. అక్కడి నుంచి మొట్టమొదట ఎగిరినది చంద్రయానూ కాదు, పీఎస్‌ఎల్‌వీ కూడా కాదు. 1971 అక్టోబరు 9న వదిలిన రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్. ఆ 125 ఏమిటనుకున్నారు? దాని వ్యాసం, మిల్లీమీటర్లలో. అంటే ఇంటి మేడమీద నుంచి దించే పీవీసీ పైపు కంటే కాస్త లావు. అది కక్ష్యలోకి పోదు. పైకి వెళ్లి కిందికి వచ్చేస్తుంది. దాని నుంచి ఎవరూ అంతకుమించి ఆశించలేదు.

తర్వాత ఎనిమిదేళ్లకు ఎస్‌ఎల్‌వీ-3 వచ్చింది. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నాలుగు దశలు. 1979 ఆగస్టు 10న వదిలితే రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపం వచ్చి సముద్రంలో పడింది. 1980 జులై 18న రెండో ప్రయత్నంలో 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. 25 కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర అనుకోండి, అంత బరువు. మొదటిసారి కూలినప్పుడు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ తనే విలేకరుల ముందుకు వెళ్లడం, గెలిచినప్పుడు ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాంను పంపడం మీకు తెలిసిన కథే. ప్రతి కాలేజీ ఓరియంటేషన్‌లోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మంచి కథ. కానీ ఉద్యోగం వెతుక్కుంటున్న వాళ్లకు అంతకంటే పనికొచ్చేది ఇంకొకటి ఉంది. అది ఆ రాకెట్ల పేర్లలో ఉంది.

కూలిన ఆ మొదటి రాకెట్ పూర్తి పేరు ఎస్‌ఎల్‌వీ-3 ఈ1. గెలిచిన రెండోది ఈ2. ‘ఈ’ అంటే ఎక్స్‌పెరిమెంటల్, ప్రయోగాత్మకం. ఆ తర్వాత 1981, 1983లో ఎగిరినవి డీ1, డీ2. ‘డీ’ అంటే డెవలప్‌మెంటల్, అభివృద్ధి దశలో ఉన్నది. పీఎస్‌ఎల్‌వీ విషయంలోనూ అంతే. 1993లో డీ1, 1994లో డీ2, 1996లో డీ3. అవయ్యాకే 1997లో సీ1. ‘సీ’ అంటే కంటిన్యుయేషన్, ఇక కొనసాగింపు. మనం పేపర్లో చదివే పీఎస్‌ఎల్‌వీ-సీ37, సీ25 అన్నీ ఈ వరుసలోవే. అంటే ఆ రాకెట్ నుంచి ఏం ఆశించాలో నేల మీద ఉన్నప్పుడే పేరులో రాసేశారు. ‘ఈ’ అని రాసినదాన్ని ‘సీ’తో పోల్చి ఏడవడం ఉండదు.

మనం చేసేది సరిగ్గా దానికి తలకిందులు. జీవితంలో మొదటి ఇంటర్వ్యూకి వెళ్తాం. అది మన ఈ1. కానీ దాన్ని సీ37 కొలతతో కొలుస్తాం. 2017 ఫిబ్రవరి 15న సీ37 ఒకే ప్రయాణంలో 104 ఉపగ్రహాలను మోసింది. దాని వెనక అప్పటికి ఎన్ని ‘డీ’లు, ఎన్ని ‘సీ’లు ఉన్నాయో లెక్కపెట్టం. సీనియర్ లింక్డ్‌ఇన్‌లో పెట్టిన ఆఫర్ లెటర్ ఫొటో చూసి మన మొదటి ఇంటర్వ్యూని అవమానంగా రాసుకుంటాం.

సముద్రంలో పడేది రాకెట్టే

పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి ఎగిరింది 1993 సెప్టెంబరు 20న. ఐఆర్‌ఎస్-1ఈ ఉపగ్రహంతో పాటు సముద్రం పాలైంది. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపును నియంత్రణ సాఫ్ట్‌వేర్ సరిదిద్దలేకపోయింది. కారణం ప్రోగ్రామ్‌లోని ఒక పొరపాటు. సీఎస్‌ఈ వాళ్లు కాస్త ఆగి ఊహించుకోండి, మీరు రాసిన కోడ్‌లో బగ్ వల్ల రాకెట్ పోవడం ఎలా ఉంటుందో. అయితే అదే ప్రయాణంలో అంత పెద్ద ఘన ఇంధన మోటారూ, ద్రవ ఇంధన ఇంజినూ ఆకాశంలో చెప్పినట్టు పనిచేశాయని కూడా తేలింది. కింద కూర్చున్నవాళ్ల దగ్గర ప్రతి సెకనుకూ లెక్కలున్నాయి. ఏది పనిచేసిందో, ఏది చెడిందో విడివిడిగా తెలుసు. 13 నెలల తర్వాత, 1994 అక్టోబరు 15న, డీ2 వెళ్లి 804 కిలోల ఐఆర్‌ఎస్-పీ2ను కక్ష్యలో పెట్టింది.

మన ఇంటర్వ్యూలకు ఈ లెక్క ఎక్కడుంది? ‘రాలేదు’ అనే ఒక్క మాటే ఇంటికి తెచ్చుకుంటాం. రాకెట్ పోయింది, దాంతో పాటు డేటా కూడా పోయింది. ఇది నిజంగా నష్టం.

నేను చూసిన వాటిలో బాగా పనిచేసే పద్ధతి ఒకటి చెబుతాను. ఇరవై రూపాయల నోటుపుస్తకం చాలు, యాప్ అక్కర్లేదు. ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రమే, బస్సులోనైనా సరే, అడిగిన ప్రశ్నలన్నీ గుర్తున్నంతవరకు రాయాలి. పేజీని మూడు వరుసలు చేయాలి. ‘తెలియదు’ అనేవి ఒక వరుసలో. ‘తెలుసు, కానీ చెప్పలేకపోయాను’ అనేవి రెండో వరుసలో. ‘నా చేతిలో లేదు’ అనేవి మూడో వరుసలో. మొదటి వరుసకు మందు చదువు. రెండోదానికి మందు నోరు తెరిచి మాట్లాడటం: అద్దం ముందో, రూమ్‌మేట్ ముందో, అమ్మ ముందో. పాయింటర్ అంటే ఏమిటో అమ్మకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పగలిగితే ప్యానెల్‌కు చెప్పడం పెద్ద కష్టం కాదు. మూడో వరుస మాత్రం చాలామంది రాయరు. కటాఫ్ ఏడున్నర సీజీపీఏ అన్నారు, మీకు ఏడు పాయింట్ రెండు ఉంది. మూడు ఖాళీలకు మూడువందల మంది వచ్చారు. ఆ కంపెనీ మీ బ్రాంచిని తీసుకోనంది. ఇవి రాసి పెట్టుకోకపోతే వాటి బరువంతా మొదటి రెండు వరుసల మీద పడి, మొత్తం నాదే తప్పు అనిపిస్తుంది.

నెలయ్యాక ఆ పుస్తకం తిరగేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. చాలామందిలో రెండో వరుసే పొడుగ్గా ఉంటుంది. తెలియక పోయినవి తక్కువే. ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లలో. వాళ్లేమో మళ్లీ కొత్త కోర్సుకు డబ్బు కట్టడానికి అమీర్‌పేట బస్సెక్కుతారు. కావాల్సింది ఇంకో సర్టిఫికెట్ కాదు, రోజూ పావుగంట మాట్లాడటం.

అలాగని అనుభవం పెరిగితే ఇక పడిపోవడమే ఉండదని కాదు. అన్ని విజయాల తర్వాత కూడా 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో తేడా వచ్చి ఉపగ్రహాన్ని చేర్చలేకపోయింది. ఉద్యోగాల్లోనూ ఉంటుంది ఇది. పదేళ్లు చేసినవాళ్లు కూడా ఇంటర్వ్యూలో తడబడతారు.

జపాన్ వాళ్ల మూడు మెట్లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గెలుపును ముందే ఎలా రాసుకోవాలి? దీనికి మంచి నమూనా జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సాది. వాళ్లు మిషన్‌కు మూడు మెట్లు రాసుకుంటారు: కనీస విజయం, పూర్తి విజయం, అదనపు విజయం. ప్రయోగానికి ముందే, అందరికీ కనపడేలా.

2024 జనవరి 20న వాళ్ల స్లిమ్ అనే ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. దాని కనీస విజయం చందమామ మీద దిగడం. పూర్తి విజయం, అనుకున్న చోటికి 100 మీటర్ల లోపు దిగడం. దిగే ముందు రెండు ఇంజిన్లలో ఒకదాని నాజిల్ ఊడిపోయింది. ల్యాండర్ ముక్కు నేలకు ఆనించి బోర్లా పడ్డట్టు నిలబడింది. సౌర ఫలకాలు సూర్యుడికి పెడమొహం పెట్టాయి, కరెంటు లేదు. ఫొటో చూస్తే ఎవరైనా ‘అయ్యో’ అంటారు. ఆ రాత్రి విలేకరుల ముందు జాక్సా అధికారి దానికి నూటికి 60 మార్కులు వేశారు. మన భాషలో బొటాబొటి పాస్. తర్వాత లెక్క తేలింది: అనుకున్న చోటికి దాదాపు 55 మీటర్ల దూరంలోనే దిగింది. ముందుగా రాసుకున్న కాగితం ప్రకారం అది పూర్తి విజయం. కొన్ని రోజులకు సూర్యుడు పడమటికి తిరిగాక కరెంటు వచ్చి మళ్లీ పనిచేసింది కూడా.

కాగితం లేకపోతే ఏమయ్యేది? ఆ బోర్లాపడ్డ ఫొటోనే తీర్పు ఇచ్చేది. మన బంధువులు మన గురించి చూసేది కూడా ఇలాంటి ఒక్క ఫొటోనే.

మన చంద్రయాన్-3కూ ఇలాగే మూడు లక్ష్యాలు ముందే ప్రకటించారు. మెత్తగా దిగాలి, రోవర్ నడవాలి, అక్కడే పరిశోధనలు చేయాలి. 2023 ఆగస్టు 23న దిగింది. మూడూ అయ్యాక సెప్టెంబరు మొదటివారంలో విక్రమ్ ల్యాండర్‌ను మళ్లీ ఇంజిన్లు వెలిగించి 40 సెంటీమీటర్ల ఎత్తుకు గెంతించారు. అది అదనం. మూడు లక్ష్యాలూ పూర్తయ్యేదాకా ఆ గెంతు జోలికి పోలేదు. విద్యార్థుల్లో ఎక్కువమంది గెంతుతో మొదలుపెడతారని నా అనుమానం. బ్యాక్‌లాగ్ రెండు పెట్టుకుని మెషిన్ లెర్నింగ్ కోర్సులో చేరడం అలాంటిదే.

మీ కాగితం ఎలా ఉండొచ్చో చూద్దాం. ఒక ఈసీఈ అమ్మాయిని అనుకుందాం. ఊరు కోట వైపు, కాలేజీ నెల్లూరులో. నాన్న రొయ్యల చెరువు కౌలుకు తీసుకుని ఒక పంట దెబ్బతిన్నాడు. ఒక సబ్జెక్టు మిగిలి ఉంది. క్యాంపస్‌లో రెండు కంపెనీలు వచ్చి వెళ్లాయి. ఆరు నెలలకు తను రాసుకునే కనీస విజయం: ఆ సబ్జెక్టు పాసవ్వాలి, జులై నుంచి తన ఖర్చులు తను చూసుకుని ఇంటికి నెలకు ఐదు వేలు పంపగలిగే ఏదో ఒక పని ఉండాలి. శ్రీసిటీలో ప్రొడక్షన్ ట్రైనీ అయినా, చెన్నైలో టెస్టింగ్ అయినా, నెల్లూరులో ఆఫీసు ఉద్యోగమైనా. పూర్తి విజయం: తను చదివిన ఎలక్ట్రానిక్స్‌కు సంబంధించిన ఉద్యోగం. అదనపు విజయం: మైక్రోకంట్రోలర్‌తో చెరువు నీటిలో ఆక్సిజన్ చూపించే పరికరం సొంతంగా చేసి, దాని కోడ్ గిట్‌హబ్‌లో పెట్టడం, నాన్న చెరువు దగ్గర అది నెల రోజులు ఆగకుండా పనిచేయడం.

ఈ కాగితంలో ప్యాకేజీ అంకె లేదు చూడండి. ఐదు వేలు ఉంది. ఆ ఐదు వేలు ఎందుకో కూడా తనకు తెలుసు. డబ్బు గురించి రాసుకోవడం తక్కువతనం ఏమీ కాదు. ‘ప్యాషన్‌ను ఫాలో అవ్వండి’ అని స్టేజీ మీద చెప్పేవాళ్లకు ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఉండకపోవచ్చు. ఇంట్లో అప్పు ఉన్నవాడికి మొదటి జీతమే కక్ష్య. దాన్ని అలాగే రాసుకోవాలి, సిగ్గుపడకుండా.

ఇందులో ఒక తిరకాసు లేకపోలేదు. గెలుపు గీత మనమే గీసుకుంటే కావాలని కిందికి గీసుకోవచ్చుగా? గీసుకోవచ్చు. ఎగరకుండానే గెలిచామనుకోవచ్చు. అందుకే తేదీ వేయాలి, ఇంకొకరికి చూపించాలి. మీకు మొహమాటం లేకుండా చెప్పే స్నేహితురాలికో, అన్నకో ఒక కాపీ ఇవ్వండి. ఆరు నెలల దాకా దిద్దుబాట్లు వద్దు. ఫలితం చూశాక గీత జరపడం, పైకైనా కిందికైనా, ఆటలో తొండే. పైకి జరపడం కూడా తొండే అన్నది గుర్తుపెట్టుకోండి. ఉద్యోగం వచ్చిన మర్నాడే ‘ఇదేం ఉద్యోగంలే’ అనుకునేవాళ్లు చేసేది అదే.

కాగితం ఎవరు రాయాలి?

రాకెట్ల లక్ష్యాలను రాయడానికి శాస్త్రవేత్తలున్నారు, కమిటీలున్నాయి. మన లక్ష్యం రాయడానికి ఎవరున్నారు? ఇక్కడ తీరం వదిలి మా జిల్లా పడమటి మెట్టకు వెళ్లాలి. కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరుంది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా పొలం పని చేసిన ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చారు. అధికారుల లెక్కలో గెలుపంటే ఎంతమందికి చదవడం, రాయడం వచ్చిందన్నది. మంచి లెక్కే. అయితే పాఠాల్లో ‘సీతమ్మ కథ’ అని ఒకటి ఉంది, సారా ఇల్లు ఎలా గుల్ల చేస్తుందో చెప్పేది. అది చదువుతూ మాట్లాడుకుంటూ ఆ ఆడవాళ్లు తమ లెక్క తాము రాసుకున్నారు. సంతకం రావడం ఒక్కటే చాలదు, ఊళ్లో సారా కొట్టు ఉండకూడదు.

చూడండి, వాళ్లు రాష్ట్రంలో సారా లేకుండా చేస్తామని మొదలుపెట్టలేదు. మా ఊరి కొట్టు, ఆ ఒక్కటే. దూబగుంటలో కొట్టు మూతపడింది. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే లోకానికి తెలిసింది. ఆ కబురు ఊరూరికీ పాకి, 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకునేదాకా వెళ్లింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయింది. మెట్లు ఎక్కినవన్నీ శాశ్వతంగా ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నాకు ఇంకా నచ్చేది దాని తర్వాతి మెట్టు. సారా పోయాక ఆ డబ్బు ఏం చేయాలి? రోజుకు రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. ‘పొదుపు లక్ష్మి’ పేరుతో అది నెల్లూరు జిల్లా అంతటా అల్లుకుంది. రోజుకు రూపాయి, నెలకు ముప్పై. ఇవాళ మీ అమ్మగారు డ్వాక్రా గ్రూపులో ఉండి, మీ ఇంజినీరింగ్ ఫీజుకు అక్కడి నుంచి అప్పు తెచ్చి ఉంటే, ఈ కథ మీ ఇంటిదాకా వచ్చినట్టే. తెలుగునాట పొదుపు సంఘాల విస్తరణలో మా జిల్లా ఆడవాళ్ల రూపాయికి పెద్ద వాటానే ఉంది.

రూపాయి చిన్నది కాబట్టి గొప్పది కాలేదు. రోజూ పడింది, పదిమంది ముందు పడింది, ఎందుకు వేస్తున్నారో వేసేవాళ్లకు తెలుసు. ‘చిన్న చిన్న అడుగులు వేయండి’ అని ఊరికే చెప్పే సలహాతో నాకు పేచీ ఇక్కడే. ఎటు అన్నది లేకుండా రోజుకో లీట్‌కోడ్ ప్రాబ్లమ్, రోజుకో పది ఇంగ్లిష్ పదాలు, రోజుకో మోటివేషన్ వీడియో అంటే మూడు నెలలకు స్ట్రీక్ మిగులుతుంది, ఉద్యోగానికి పనికొచ్చేది తక్కువ మిగులుతుంది. రోహిణి-125 చిన్నదే కానీ దాన్ని వదిలినవాళ్ల మనసులో అప్పటికే ఉపగ్రహం ఉంది.

కొత్తతరంలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా ఇస్రో ఉద్యోగాలు వదిలి 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ పెట్టారు. వాళ్ల లక్ష్యం ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టడం. కానీ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన వాళ్ల మొదటి రాకెట్ విక్రమ్-ఎస్ కక్ష్యకు పోయేది కాదు. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోలు. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సముద్రంలో పడింది. పడాలనే రాసుకున్నారు, పడింది. ఆ మిషన్‌కు పెట్టిన పేరు ‘ప్రారంభ్’. 1971 నాటి రోహిణిలాగే పైకి వెళ్లి కిందికి వచ్చేది. దేశంలో ప్రైవేటు రంగం నుంచి ఎగిరిన మొట్టమొదటి రాకెట్ అదే.

ఆగడం గురించి ఒక మాట

2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 కౌంట్‌డౌన్ ఇంకో 74 నిమిషాలు ఉందనగా ఆపేశారు. రెండో దశలో ఇంధనం కారుతోంది. రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లి ఆ దశనే మార్చారు. 2014 జనవరి 5న ఎగిరింది, గెలిచింది. దేశంలో తయారైన క్రయోజెనిక్ ఇంజిన్ విజయవంతంగా ఎగిరింది అప్పుడే. అంతకుముందు 2010లో అదే ప్రయత్నం విఫలమైంది.

బ్యాచ్‌తో పాటు ఉద్యోగం రానివాళ్లు ఆ సంవత్సరాన్ని ‘గ్యాప్’ అని దాచిపెట్టాలనుకుంటారు. ఏం మార్చారో చెప్పగలిగితే అది దాచాల్సిన గ్యాప్ కాదు. ‘ఎనిమిది నెలలు ఇంటి దగ్గర ఉన్నాను, మిగిలిన సబ్జెక్టు పూర్తిచేశాను, ఎస్‌క్యూఎల్ నేర్చుకుని మా ఊరి పాల కేంద్రం లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించాను’ అని చెబితే ప్యానెల్ నుంచి వచ్చేది తర్వాతి ప్రశ్నే, వెక్కిరింత కాదు. ఏమీ మార్చకుండా మళ్లీ అదే లాంచ్‌ప్యాడ్ మీదికి రావడమే ప్రమాదం. ఆగడానికి అందరి ఇళ్లలోనూ వీలుండదు, అదీ నిజమే. అలాంటప్పుడు దొరికిన పనిలో చేరిపోయి, సాయంత్రం ఒక గంట మీ పూర్తి విజయానికి పెట్టండి. కనీస విజయం చేతికి వచ్చాక ఆ గంట దొరకడం కూడా సులువే. నెలాఖరు భయం కాస్త తగ్గుతుంది కాబట్టి.

ఇంతకీ పండక్కి ఊరెళ్లినప్పుడు ‘ప్యాకేజీ ఎంతబ్బాయా’ అంటే ఏం చెప్పాలి? నాకు తెలిసిన ఒక కుర్రాడు ‘డీ2లో ఉన్నాను పెద్దమ్మా, వచ్చే సంక్రాంతికి సీ1’ అని నవ్వేసి జారుకుంటాడు. ఆవిడకు ఏం అర్థమవుతుందో గానీ అరిసెలు మాత్రం పెడుతుంది.

వీలైతే ఒకసారి శ్రీహరికోట వెళ్లి ప్రయోగం చూడండి. 2019 నుంచి ప్రజల కోసం గ్యాలరీ తెరిచారు. ప్రయోగానికి ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, సీట్లు త్వరగా అయిపోతాయి. రైలు దిగాల్సింది సూళ్లూరుపేటలో, నెల్లూరు-చెన్నై దారిలోనే. అక్కడి నుంచి దీవికి వెళ్లే రోడ్డు పులికాట్ మధ్యలోంచి పోతుంది. చలికాలమైతే రెండువైపులా ఫ్లెమింగోలు కనిపిస్తాయి. వెలుగు, మోత చూసి ఫోన్లు పైకెత్తి అందరూ కేకలు పెడతారు, మీరూ పెట్టండి. రాకెట్ కనుమరుగయ్యాక జనం లేచి బస్సుల వైపు పరిగెడతారు. అప్పటికి ఇంకా పావుగంటకు పైగా పని మిగిలే ఉంటుంది. వెంటనే లేవకండి, మైకు వినండి.